యతీమ్, అనాథ: సంరక్షణ, వారసత్వ కథనాలలో బంధువాచకాల ప్రసక్తి

తెలుగులో ముస్లిం జీవితాన్ని చిత్రించిన కథల గురించి రాసేటప్పుడు 'యతీమ్' అన్న మాటకు 'అనాథ' అని అర్థం చెప్పి ముందుకు సాగడం మనకు అలవాటు. నిఘంటువు దృష్టితో చూస్తే ఇందులో ఆక్షేపించవలసింది పెద్దగా కనిపించదు. కాని తండ్రి పోయిన ముస్లిం బిడ్డ ఎవరి దగ్గర పెరగాలి, ఆ బిడ్డ ఆస్తిని ఎవరు చూడాలి, చివరకు ఎవరు అనుభవించాలి అనే ప్రశ్నల చుట్టూ నడిచే కథనాలను చదివేటప్పుడు ఈ సమానార్థకం పాఠకుణ్ణి దారి తప్పిస్తుంది. ఆ తప్పుదారి ఎక్కడ మొదలై ఎంతదూరం పోతుందో చూడడం ఈ వ్యాసం ఉద్దేశం.

'అనాథ' అంటే నాథుడు లేని వ్యక్తి, దిక్కులేని మనిషి. ఈ మాటకు వయసుతో పనిలేదు. అనాథ బాలలు ఉన్నట్టే అనాథ వృద్ధులు ఉంటారు. పత్రికల భాషలో అనాథ శవాలు కూడా ఉంటాయి. 'యతీమ్' అలాంటిది కాదు. ఇస్లామీయ ధర్మశాస్త్రంలో యుక్తవయసు రాకముందే తండ్రిని కోల్పోయిన బిడ్డ యతీమ్. తల్లి బతికి ఉన్నా యతీమే. యుక్తవయసు వచ్చిన నాడు ఆ పేరు తొలగిపోతుంది. అంటే ఒకటి దుఃఖస్థితిని చెప్పే మాట, రెండోది గడువు ఉన్న హోదాను చెప్పే మాట. అరబ్బీ, ఫారసీ సంప్రదాయంలో 'యతీమ్'కు సాటిలేనిది అనే అర్థం కూడా ఉంది. గవ్వలో ఒంటరిగా పెరిగిన పెద్ద ముత్యాన్ని 'దుర్రె యతీమ్' అంటారు. పుట్టకముందే తండ్రిని, ఆరేళ్ల వయసులో తల్లిని కోల్పోయి, తాత అబ్దుల్ ముత్తలిబ్ దగ్గర, ఆయన కూడా పోయాక తండ్రి సోదరుడు అబూ తాలిబ్ దగ్గర పెరిగిన ప్రవక్తకు కవులు ఈ విశేషణాన్ని వాడడంలో ఆ రెండర్థాలూ కలిసే ఉన్నాయి.

ఈ భేదంలో కథకు సంబంధించిన ముఖ్యాంశం తల్లి. యతీమ్‌ను అనాథగా అనువదించగానే బతికి ఉన్న తల్లి వాక్యంలోంచి జారిపోతుంది. నిజానికి యతీమ్ కథ ఎవరూ లేని బిడ్డ కథ కావడం అరుదు. తల్లి, అమ్మమ్మ, దాదా, చిచ్చా, ఫుప్పు, మామూ ఇందరు ఉండడం వల్లనే అక్కడ తగవు పుడుతుంది.

యాలాల్ మాటల్లో చుట్టరికం

ఈ చర్చకు వికారాబాద్ జిల్లాలో తాండూరును ఆనుకొని ఉన్న యాలాల్‌ను స్థలంగా తీసుకోవడానికి కారణం అక్కడి భాషాస్థితి. నాపరాయి గనులు, కందిచేల నడుమ ఉన్న ఈ ప్రాంతంలో తెలుగు, దక్కనీ ఉర్దూ, సరిహద్దు కన్నడం నిత్యం ఒకదానికొకటి తగులుతూ ఉంటాయి. రెవెన్యూ కార్యాలయాల పలుకుబడి అయితే నిజాం కాలం నుంచి దాదాపు మారలేదు. మనిషి చనిపోతే 'ఫౌతీ', ఆ తరువాత హక్కుదారు పేరు ఎక్కించడం 'విరాసత్'. హిందూ రైతు, ముస్లిం రైతు ఇద్దరూ ఇవే మాటలు వాడతారు. అయితే విరాసత్ దరఖాస్తు వెంట పెట్టే కుటుంబ సభ్యుల వివరం ఇప్పుడు తెలుగులో ఉంటుంది. ఇంట్లో దక్కనీలో పలికే చుట్టరికం కాగితం మీద తెలుగు చుట్టరికం అవుతుంది. కథా రచయిత ఎదుర్కొనే చిక్కు, దరఖాస్తు రాసే మనిషి ఎదుర్కొనే చిక్కు ఇక్కడ ఒకటే.

దక్కనీలో తండ్రి తండ్రి 'దాదా', తల్లి తండ్రి 'నానా'. తెలుగులో ఇద్దరూ 'తాత'. నాయనమ్మను, అమ్మమ్మను వేరుచేసిన తెలుగు తాతల దగ్గర ఆ పని చేయలేదు. దక్కనీలో తండ్రి తమ్ముడు 'చిచ్చా', తల్లి చెల్లెలి భర్త 'ఖాలూ'. తెలుగులో ఇద్దరూ చిన్నాయనలే, బాబాయిలే. ద్రావిడ బంధుత్వ వ్యవస్థ ప్రధానంగా ఎవరిని పెళ్లాడవచ్చు, ఎవరిని పెళ్లాడరాదు అన్న ప్రాతిపదిక మీద చుట్టాలను విభజిస్తుంది. కనుక పినతండ్రి ఏ వైపువాడైనా దానికి ఒకటే. ముస్లిం వారసత్వానికి మాత్రం ఎవరు ఏ వైపువారన్నదే సర్వస్వం. దాదా మనుమడి ఆస్తికి న్యాయసమ్మతమైన సంరక్షకుడు కాగలడు, నానా కాలేడు. చిచ్చా కొన్ని పరిస్థితులలో వారసుడు, ఖాలూ పరాయివాడు.

దక్కనులో ఎక్కువమంది అనుసరించే హనఫీ న్యాయం ప్రకారం ఒక చిన్న లెక్క చూద్దాం. ఒకాయన భార్యను, ఒక్క కూతురిని, ఒక సొంత తమ్ముణ్ణి విడిచి చనిపోయాడు. అతని తల్లిదండ్రులు అప్పటికే లేరు. ఆస్తిని ఎనిమిది వాటాలు చేస్తే భార్యకు 1, కూతురికి 4, తమ్ముడికి మిగిలిన 3 వస్తాయి. కొడుకు ఉన్నట్టయితే తమ్ముడికి ఏమీ రాదు. అదే కుటుంబం షియా అయితే భార్యకు 1 పోగా మిగిలిన 7 వాటాలూ కూతురివే. తమ్ముడు బయటే నిలుస్తాడు. కాబట్టి ఒక కథలో చిచ్చా గుమ్మంలోకి వచ్చి అన్న కూతురి తలమీద చెయ్యి వేశాడంటే ఆ చెయ్యి బరువు ఎంతో తెలియాలంటే బిడ్డ ఆడదా మగదా, దాదా ఉన్నాడా లేడా, ఇల్లు సున్నీలదా షియాలదా అన్నవి తెలియాలి. 'బాబాయి వచ్చాడు' అన్న తెలుగు వాక్యం వీటిలో ఏదీ చెప్పదు.

తెలుగు ముస్లిం కథకులు ఈ సంగతిని సిద్ధాంతంగా చెప్పకపోయినా ఆచరణలో గుర్తించారు. స్కైబాబ సంపాదకత్వంలో వెలువడిన 'వతన్' సంకలనం (2004) నాటికే దాదీ, ఖాలా, మామూ వంటి మాటలను అనువదించకుండా ఉంచడం ముస్లిం కథకు మామూలైంది. మన విమర్శ దానిని అస్తిత్వ ప్రకటనగా, స్థానిక పరిమళంగా వివరించి సంతృప్తి పడింది. ఆ వివరణ సగమే. ఇంటి లోపల ఎవరికి ఏ హక్కు ఉందో చెప్పే సమాచారం ఆ మాటలలో ఉంది. వాటికి అథోజ్ఞాపికలో 'బాబాయి', 'తాత' అని అర్థాలు ఇచ్చే సంపాదకులు సాయం చేస్తున్నామనుకుంటూ ఆ సమాచారాన్ని చెరిపేస్తున్నారు.

దాయ, అసబా

తండ్రివైపు మగ బంధువును తెలుగు సంప్రదాయం ఎలా ఊహించిందన్నది ఇక్కడి మరో చిక్కు. 'దాయాది' సంస్కృతంలో వాటా పొందేవాడు. తెలుగులో 'దాయ' అంటే జ్ఞాతి, శత్రువు కూడా. వాటాదారు శత్రువుగా మారిన చరిత్ర ఒక్క మాటలోనే ఉంది. ఇస్లామీయ వారసత్వంలో అతనికి సాటివచ్చే వర్గం 'అసబా'. దాని ధాతువుకు చుట్టి కట్టడం అని అర్థం. మనిషి చుట్టూ కంచెలా నిలిచేవారు అసబా. మనిషి ఒకడే. ఒక భాష అతనిలో పగవాణ్ణి చూసింది, మరొకటి కాపలాదారుణ్ణి చూసింది.

తెలుగు పాఠకుడికి ఈ విషయంలో ప్రమాణకథ మహాభారతం. పాండురాజు శతశృంగం మీద మరణించాడు, మాద్రి సహగమనం చేసింది, కుంతి అయిదుగురు బిడ్డలతో హస్తినకు వచ్చింది. పాండవులను ఎవరూ అనాథలుగా ఊహించుకోరు; తల్లి ఉంది. వారు కచ్చితంగా యతీములు. పెదతండ్రి ధృతరాష్ట్రుడు సంరక్షకుడు, అదే ఆస్తిలో ప్రయోజనం ఉన్నవాడు. ఆది పర్వంలో లక్క యింటి ఘట్టం దాకా నడిచేది సంరక్షకుడి ప్రయోజనానికీ, సంరక్షణలో ఉన్నవారి ప్రయోజనానికీ నడుమ సంఘర్షణే. విదురుడు ఆ సభలోనే ఉన్న మరో పినతండ్రి, పైగా వాటా లేనివాడు. వాటా లేనివాడే నమ్మదగినవాడు కావడం కాకతాళీయం అనుకోలేను. అనాథ అన్న మాటకంటే ఈ కథే యతీమ్‌ను అర్థం చేసుకోవడానికి తెలుగు పాఠకుడికి దగ్గరి దారి. అయితే దానివల్ల ఒక నష్టమూ ఉంది. భారతం చదివిన కన్ను చిచ్చాను చూడగానే ధృతరాష్ట్రుణ్ణే చూస్తుంది.

ఖురాను నాలుగో అధ్యాయం 'అన్నిసా' కూడా ఈ అపాయాన్ని ఎరిగినదే. యతీముల సొత్తును సొంత సొత్తులో కలుపుకోవద్దని రెండో ఆయతు, వారికి వివేకం వచ్చిందని పరీక్షించి ఆస్తిని సాక్షుల ఎదుట అప్పగించమని ఆరో ఆయతు, అన్యాయంగా తిన్నవారు కడుపులో నిప్పు నింపుకుంటున్నట్టేనని పదో ఆయతు చెబుతాయి. సంరక్షకుడిని నమ్ముతూనే సాక్షులను పిలవమనే గ్రంథం మానవ స్వభావం పట్ల ఎలాంటి భ్రమా పెట్టుకోలేదు.

దివాన్ దేవిడీలో ఒక పసివాడు

దక్కను చరిత్రలో ఈ తగవుకు అందరికీ తెలిసిన ఉదాహరణ సాలార్‌జంగ్ వంశం. మూడవ సాలార్‌జంగ్ మీర్ యూసుఫ్ అలీఖాన్ 1889 జూన్ 13న పుణెలో పుట్టాడు. నెల తిరగకముందే, జూలైలో, తండ్రి మీర్ లాయక్ అలీఖాన్ చనిపోయాడు. అపారమైన ఎస్టేటు, ఒడిలో పసివాడు, వితంతువు. ఆ ఎస్టేటు ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్ ప్రభుత్వ పర్యవేక్షణలోకి వెళ్లింది.

ఈ కథను వెనక్కి తిప్పి చదివితే ఒక గొలుసు కనిపిస్తుంది. పర్యవేక్షించిన మహబూబ్ అలీఖాన్ స్వయంగా యతీమ్. 1869 ఫిబ్రవరిలో తండ్రి అఫ్జలుద్దౌలా మరణించినప్పుడు ఆయనకు మూడేళ్లు నిండలేదు. రాజ్యాన్ని సంరక్షకులుగా నడిపినవారు మొదటి సాలార్‌జంగ్, పాయెగా అమీరు షంసుల్ ఉమ్రా. 1884లో వైస్రాయ్ రిప్పన్ సమక్షంలో గాని ఆయనకు పూర్తి అధికారాలు అందలేదు. (వికారాబాద్‌కు పేరిచ్చాడని ప్రసిద్ధుడైన వికారుల్ ఉమ్రా కూడా ఈ పాయెగా కుటుంబంవాడే.) ఇక మొదటి సాలార్‌జంగ్ సంగతి: 1829లో పుట్టిన ఆయన పసితనంలోనే తండ్రిని కోల్పోయి తండ్రి సోదరుడు సిరాజుల్ ముల్క్ చేతుల్లో పెరిగాడు, 1853లో ఆయన మరణించాక ఆయన పదవికే వచ్చాడు. చిచ్చా పెంచిన యతీమ్ ఒక యతీమ్ నిజాంకు సంరక్షకుడయ్యాడు. ఆ నిజాం తన సంరక్షకుడి మనుమడికి సంరక్షకుడయ్యాడు.

ఈ గొలుసులో ఎవరూ దిక్కులేనివారు కారు. హైదరాబాద్ చరిత్రను ప్రభువులు, దివానుల వరుసగా చదివే మనకు ఇది సంరక్షకులు, యతీముల వరుసగా కూడా కనిపించాలి. చివరి కొస వారసత్వానికి సంబంధించింది. మూడవ సాలార్‌జంగ్ 1949 మార్చి 2న అవివాహితుడిగా మరణించాడు. దూరపు బంధువుల హక్కు వాదనల నడుమ ఆయన సేకరణలను దివాన్ దేవిడీలోనే ఉంచి 1951 డిసెంబరు 16న నెహ్రూ చేత మ్యూజియంగా ప్రారంభింపజేశారు. 1958లో హైకోర్టు డిక్రీ ఆధారంగా కుదిరిన రాజీతో అవి కేంద్ర ప్రభుత్వానికి చెందాయి. 1961లో పార్లమెంటు చట్టం వచ్చింది. నెల బిడ్డగా ప్రభుత్వ పర్యవేక్షణలోకి వెళ్లిన ఆస్తి చివరికి ప్రభుత్వానికే చేరింది.

హామిద్ ఎందుకు చాలడు

ముస్లిం బాలుడు అనగానే తెలుగు విద్యార్థికి గుర్తుకొచ్చేది హిందీ పాఠాలలో చదువుకున్న ప్రేమ్‌చంద్ 'ఈద్‌గాహ్' లోని హామిద్. తల్లిదండ్రులిద్దరూ లేరు, దాదీ అమీనా ఉంది, మూడు పైసలున్నాయి, ఆ మూడు పైసలతో దాదీ చేతులు కాలకుండా పట్టకారు కొంటాడు. కథ చివర బాలుడు పెద్దవాడై, ముసలామె పసిపిల్లవుతుంది. సంరక్షణ తలకిందులు కావడాన్ని ఇంత తక్కువ సామగ్రితో చూపిన కథ మరొకటి చెప్పడం కష్టం.

అయినా ఇది అనాథ కథ. హామిద్‌కు వారసత్వంగా రావలసిందేమీ లేదు, కనుక చిచ్చాలు లేరు, ఫుప్పులు లేరు, ఖాజీ లేడు. పేదరికం బంధువులను కథనుంచి తుడిచిపెట్టి కరుణకు చోటు చేసింది. ప్రేమ్‌చంద్‌ను ఇందుకు తప్పుపట్టనవసరం లేదు. ఆయన రాయదలచింది వేరు. కాని ఆ ఒక్క నమూనాతో ముస్లిం యతీమ్ కథలన్నిటినీ కొలిచి, కరుణ తగ్గిందనీ, ఆస్తి గొడవలు ఎక్కువయ్యాయనీ తీర్పు చెప్పడం అన్యాయం. యతీమ్ కథలో కరుణ నివసించేది ఆ ఆస్తి గొడవల నడుమనే.

కాసీం దండకు కట్టిన తావీజు

సంరక్షకుడైన పినతండ్రికి మరో రూపం పీర్ల పండుగ సంప్రదాయంలో దొరుకుతుంది. కర్బలా గాథలో ఇమాం హసన్ కొడుకు కాసీం యతీమ్. పినతండ్రి హుసేన్ దగ్గర పెరిగాడు. యుద్ధానికి పోతానని కాసీం అడిగితే, నీవు అన్న నాకు అప్పగించిన అమానత్‌వు అని హుసేన్ వారిస్తాడు. అప్పుడు కాసీం దండకు తండ్రి కట్టిన తావీజు విప్పి చూస్తే అందులో హసన్ రాసిన మాట ఉంటుంది. ఆ మాట ప్రకారమే హుసేన్ తన కూతురిని కాసీంకు ఇచ్చి పెళ్లి చేసి రణరంగానికి పంపుతాడు. ఫారసీలో కాషిఫీ రచించిన 'రౌజతుష్షుహదా' ద్వారా వ్యాప్తి చెందిన ఈ ఘట్టాన్ని చరిత్రకారులు అంగీకరించరు. దక్కను ఊళ్లు మాత్రం అంగీకరించాయి. పెళ్లికొడుకు కాసీం కోసం మొహర్రం ఏడో రోజున మెహందీ తీస్తారు, అతని పీరును నిలుపుతారు.

వారసత్వ విమర్శకు ఈ ఘట్టం గొప్ప పాఠం. తావీజు ఒక వసీయత్. దానిని చదివేవాడు, అమలు జరపేవాడు సంరక్షకుడు. అమలు జరపడం వల్ల అతనికి లాభం లేదు, నష్టమే. భారతంలోని పెదతండ్రికి ఇది పూర్తిగా ఎదురు బొమ్మ. పీర్ల పండుగలో పాల్గొనే హిందూ కుటుంబాలకు ఈ రెండు బొమ్మలూ ఒకే ఊళ్లో అందుబాటులో ఉన్నాయన్నది గమనించదగిన సంగతి. బంధువాచకాల చిక్కు ఇక్కడా వదలదు. హుసేన్ కూతురు కాసీంకు తెలుగు లెక్కన చెల్లెలు లేదా అక్క. 'బాబాయి కూతురితో పెళ్లి' అని తెలుగులో రాయగానే కథ అసాధ్యమవుతుంది. చిచ్చా, చిచ్చా కూతురు అని ఉంచితేనే పెళ్లి నిలుస్తుంది. యతీమ్ బాలికను చిచ్చా తన కోడలిగా చేసుకొనే ముగింపు ఉన్న కథలను చదివేటప్పుడు కూడా ఈ జాగ్రత్త అవసరం. అది బిడ్డకు గూడు కావచ్చు, ఆ నాలుగు వాటాలు గడప దాటకుండా చూసుకోవడమూ కావచ్చు. ఏదన్నది కథ నిరూపించాలి.

తావీజు లేని పిల్లల సంగతి వేరు. దాదా బతికి ఉండగానే తండ్రి చనిపోతే, చిచ్చాలు ఉన్నంతవరకు ఆ మనుమలకు దాదా ఆస్తిలో వాటా రాదు. ఉర్దూలో 'యతీమ్ పోతే కీ విరాసత్' అన్నది ఒక ప్రత్యేక చర్చనీయాంశంగానే స్థిరపడింది. ఈజిప్టు 1946లో తప్పనిసరి వసీయత్ విధానంతో, పాకిస్తాన్ 1961 కుటుంబ చట్టాల ఆర్డినెన్సుతో ఈ మనుమలకు దారి చూపాయి. భారతదేశంలో అలాంటి చట్టం లేదు. ఉన్నదల్లా దాదా నోటిమాట. వారసుడు కాని మనుమడికి మూడో వంతు దాకా వసీయత్ రాయవచ్చు. బతికుండగా హిబా చేసి స్వాధీనపరచవచ్చు. పంపకం వేళ వచ్చిన బంధువులకు, యతీములకు ఎంతో కొంత ఇచ్చి మంచిమాట చెప్పమని అన్నిసా ఎనిమిదో ఆయతు ఉంది. దాదా మాట్లాడతాడా లేదా అన్నది ఇలాంటి కథలో వాతావరణ వర్ణన కాదు, ఇతివృత్తమే. మంచంలో పడ్డ ముసలాయన మౌనాన్ని వార్ధక్య చిత్రణగా మెచ్చుకొని వదిలేసే విమర్శ కథలో జరిగిన అసలు సంఘటనను గమనించలేదన్నమాట.

తల్లి సంతకం

తిరిగి తల్లి దగ్గరకు రావాలి. హనఫీ న్యాయం బిడ్డ పోషణను, అంటే 'హిజానత్'ను, తల్లికి ఇచ్చింది: కొడుకైతే ఏడేళ్ల దాకా, కూతురైతే యుక్తవయసు దాకా. తల్లి లేకపోతే ముందు అమ్మమ్మ, తరువాత నాయనమ్మ. బిడ్డకు దగ్గరి చుట్టం కాని మనిషిని తల్లి మళ్లీ పెళ్లాడితే ఆ హక్కు పోతుంది. ఆస్తిమీద అధికారమైన 'విలాయత్' మాత్రం మొదటినుంచీ ఆమెది కాదు. తండ్రి, తండ్రి నియమించిన వ్యక్తి, దాదా, దాదా నియమించిన వ్యక్తి: వరుస అక్కడితో ఆగుతుంది. చిచ్చా కూడా అందులో లేడు. అతనైనా, తల్లి అయినా 1890 నాటి సంరక్షకుల చట్టం కింద కోర్టు నియామకం పొందవలసిందే. కోర్టు బిడ్డ క్షేమాన్ని చూసి నియమిస్తుంది. తల్లి తనంతట తాను మైనరు స్థిరాస్తిని అమ్మితే చెల్లదని 1918లో ఇమాంబాందీ కేసులో ప్రివీ కౌన్సిల్ చెప్పింది. 2022లో కేరళ హైకోర్టు కూడా పాత తీర్పులకు కట్టుబడి తల్లిని ఆస్తి సంరక్షకురాలిగా గుర్తించలేకపోయింది. హిందూ తల్లి విషయంలో 1999లో సుప్రీంకోర్టు కొంత ఊరట ఇచ్చింది. ఆ పిటిషన్ వేసిన గీతా హరిహరన్ నవలా రచయిత్రి కావడం సాహిత్య విద్యార్థులకు ఆసక్తికరం.

హిజానత్, విలాయత్ రెండింటికీ మనం 'సంరక్షణ' అనే ఒక్క మాటే వాడుతున్నాం. బిడ్డకు అన్నం పెట్టేదీ సంరక్షకురాలే, బిడ్డ పొలం కాగితం దాచేవాడూ సంరక్షకుడే. మొదటిదానికి 'పెంపకం', రెండవదానికి 'ఆస్తి సంరక్షణ' అని వేరుచేయడం పరిశోధకులు వెంటనే చేయగల పని. యాలాల్ వంటి చోట్ల అర్జీ రాసేవాడు 'మైనరు, సంరక్షకురాలు తల్లి' అని తెలుగులో రాసి తల్లి చేత సంతకమో వేలిముద్రో పెట్టించినప్పుడు, ఆ ఒక్క మాట ఆమెకు లేని అధికారాన్ని ఉన్నట్టు చూపుతుంది. కొన్నేళ్లకు ఆ కాగితం మీద అమ్మకం జరిగి వివాదం కోర్టుకు వెళితే, అక్కడ ఆ మాటను మళ్లీ ఉర్దూలోకి, ఇంగ్లీషులోకి తిప్పి, ఆమె వలీ కాదని తేలుస్తారు.